పది అడుగుల చేతిరాత

"మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "సిస్టమ్ మీద పని" అని మాట మార్చేస్తుంది. అబద్ధమేమీ కాదు. విజయవాడలో మా మేడ మీద గదిలో సిస్టమ్ ఉంది, దాని ముందు నేనున్నాను, దొరికిన రోజున పని కూడా ఉంటుంది. కార్టూన్లు, మనుషుల పోలికల్ని సాగదీసి నవ్వించే కారికేచర్లు వేస్తాను. నాలాంటి వాళ్లని ఇప్పుడు పోషిస్తున్నవి పత్రికలు కావు, పెళ్లికార్డులు, రిటైర్మెంట్లు, షష్టిపూర్తులు. "రెండు గీతలే కదా బాబూ, కాస్త చూసి చెప్పు" అంటూ మొదలవుతుంది బేరం. ఆ రెండు గీతలకీ మూడు రోజులు పడుతుందంటే ఎవరూ నమ్మరు.

నా గదిలో దేవుడి పటం కంటే నాలుగంగుళాల ఎత్తులో ఘటోత్కచుడు ఉంటాడు. ఇందుకు అమ్మ ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది. 1957లో వచ్చిన మాయాబజార్‌ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు కానీ, కథ కోసం చూడటం ఎప్పుడో మానేశాను. ఎస్వీ రంగారావు బుగ్గల కోసం చూస్తాను. నోట్లో ఏమీ లేనప్పుడు కూడా నిండుగా ఉండే బుగ్గలవి. కారికేచర్ వేసేవాడికి అంతకు మించిన పాఠం లేదు.

ఇంకో పిచ్చి కూడా ఉంది. హైదరాబాద్ వెళ్తే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మ్యాడ్ అనే అమెరికన్ హాస్యపత్రిక పాత సంచికలు వెతుకుతాను. అందులో సెర్జియో అరగోనెస్ అనే ఆయన 1963 నుంచి పేజీ మార్జిన్లలో గోరంత బొమ్మలు వేస్తూ వచ్చాడు. పేజీలో ఉన్న అసలు సరుకు వదిలేసి నేను ఆ అంచులే చదివేవాణ్ణి. ఆ అలవాటు చేతికీ పాకింది. ఏ బొమ్మ వేసినా రఫ్‌లో మార్జిన్ ఖాళీగా ఉండనివ్వను. నా కొంప ముంచింది ఆ మార్జినే.

ఒకరోజు రాత్రి డాలస్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, నాన్నకి షష్టిపూర్తి. ఆయనకి మాయాబజార్ అంటే ప్రాణం. ఘటోత్కచుడిలా వేసి, ముందు విస్తరి, చుట్టూ మా చుట్టాలందరూ ఉండాలి. నాన్నకి మాత్రం చెప్పొద్దు, సర్‌ప్రైజ్." ఫంక్షన్ తెనాలిలో. ఫ్లెక్సీ 10 బై 6. నేను డబ్బు తీసుకోకుండానే చేసేవాణ్ణి, ఆ మాట పైకి అనకుండా ఎనిమిది వేలు అన్నాను. సగం అడ్వాన్స్. "అమ్మ పంపిస్తుంది అన్నా" అంది. ఆంటీని అడిగితే "అమ్మాయి పంపేసిందిగా నాన్నా" అన్నారు. ఆ నాలుగు వేలూ డాలస్‌కీ తెనాలికీ మధ్య సముద్రం మీద ఎక్కడో ఎగురుతూ ఉండిపోయాయి.

రఫ్ పంపిన పది నిమిషాలకి ఆంటీ ఫోన్. ఆవిడ చెబుతుంటే మర్చిపోకుండా బొమ్మ మీదే ఎర్ర రంగుతో బాణం గుర్తులు పెట్టి రాసుకుంటూ పోయాను. ముక్కు తగ్గించాలి. పొట్ట కనిపించకుండా గద అడ్డం పెట్టాలి. జుట్టు పెళ్లినాటిది కావాలి. ఆవిడ సొంత తమ్ముడి తల మీద ఇంటూ మార్కు, పక్కన "తీసెయ్యాలి, పొలం గొడవ, మాటల్లేవు". చివర్న గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరో ఉన్నట్టున్నారు, "మా వియ్యపురాలి మెళ్లో నగలు నావాటికంటే తక్కువుండేట్టు చూడు బాబూ" అన్నారు. అదీ రాశాను, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఫోన్ పెట్టేశాక కుడివైపు మార్జిన్‌లో చిప్ప పట్టుకుని ఏడుస్తున్న బక్కమనిషిని వేసి, పైన "అడ్వాన్స్ ఇంకా రాలేదు" అని రాసుకున్నాను. అది నా ఏడుపు, నా మార్జిన్.

అంతా సరిగ్గా రాసుకున్నానో లేదోనని ఆ బొమ్మనే ఆంటీకి పంపి "ఇవేనా?" అని అడిగాను. ఆవిడ కళ్లజోడు లేకుండా చూసి బొటనవేలు పెట్టారు. ఫోన్‌లో ఆ బక్కమనిషి చీమంత ఉంటాడు, కనబడలేదు.

ఫైనల్ బొమ్మ గురించి చెప్పుకోవాలంటే, అది బాగా వచ్చింది. ఎవరూ చూడలేదు కాబట్టి నేనే చెప్పాలి. వెడల్పు 8,640 పిక్సెళ్లు, ఫైలు 170 ఎంబీ పైనే. మెయిల్లో పట్టదు కనుక డ్రైవ్‌లో పెట్టి, ఫ్లెక్సీ షాపుకి లింకు పంపి, శుభంగా పడుకున్నాను. ఆ లింకుని ఎవరైనా తెరిచేలా పర్మిషన్ ఇవ్వాలన్న సంగతి మాత్రం మర్చిపోయాను. రాత్రి 11:40కి షాపువాళ్లు అనుమతి అడుగుతూ పంపిన మెయిల్ తెల్లారి చూసుకున్నాను. నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. షాపు కుర్రాడు ఇంకేం చేస్తాడు పాపం, ఆంటీకి ఫోన్ చేశాడు. ఆంటీ తన ఫోన్‌లో ఉన్న చివరి బొమ్మ ఫార్వర్డ్ చేశారు.

మర్నాడు పొద్దున రైలెక్కి తెనాలిలో దిగి, ఆటోలో ఫంక్షన్ హాల్ గేటు దగ్గరికి చేరాను. ముందు ముక్కు కనిపించింది. పదడుగుల ఫ్లెక్సీ మీద వాట్సాప్ బొమ్మని సాగదీస్తే ఒక్కో పిక్సెల్ దాదాపు రెండు మిల్లీమీటర్లు వస్తుంది. అంకుల్ ముఖమంతా గళ్ల లుంగీలా ఉంది. నా ఎర్ర అక్షరాలు మాత్రం రోడ్డు అవతలి టీకొట్టు నుంచి కూడా చదువుకోవచ్చు. చదువుకుంటున్నారు కూడా. బాపుగారి చేతిరాత ఫాంటు అయింది. నాది ఫ్లెక్సీ అయింది.

అటునుంచి అటే స్టేషన్‌కి పోదామని వెనక్కి తిరిగేసరికి అంకుల్ పట్టుపంచెతో గేటు దగ్గరికి వచ్చేశారు. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన మనిషి. కళ్లజోడు సవరించుకుని, ఆడిట్‌కి వచ్చినట్టు పైనుంచి కింది దాకా ఒక్కో లైనూ పైకి చదివారు. "ముక్కు తగ్గించాలి." తన ముక్కు తడుముకున్నారు. "పొట్ట దాచాలి." ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కున్నారు. నగల దగ్గరికి వచ్చేసరికి చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా వియ్యపురాలి మెడ వంక చూశారు. ఆంటీ పక్కనున్న అరటిబోదె వెనక్కి జరిగారు. వియ్యపురాలు కాసుల పేరు సర్దుకుని, "పోనీలెండి, నావే ఎక్కువున్నాయని వాళ్లే ఒప్పుకున్నారు" అని లోపలికి వెళ్లిపోయారు. పెళ్లిలో కూడా ఆవిడ అంత సంతోషంగా లేరని తర్వాత ఎవరో అన్నారు.

అంతలో తమ్ముడుగారు రానే వచ్చారు. మాటల్లేకపోయినా అక్కాబావలకి బట్టలు పెట్టాలి కదా. బట్టల పళ్లెం చేత్తో పట్టుకుని, ఇంటూ మార్కు కింద తన ముఖాన్ని చాలాసేపు చూశారు. "కొట్టేస్తే కొట్టేశారు గానీ, మనిషి పోలిక మాత్రం దింపేశాడు. ఎవరయ్యా వేసింది?" అన్నారు. నేను టీకొట్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

చివరికి అంకుల్ కళ్లు కుడి మార్జిన్ దగ్గర ఆగాయి. ఫోన్‌లో చీమంత ఉన్న బక్కమనిషి ఇక్కడ అడుగు ఎత్తున నిలబడి చిప్ప చాపుతున్నాడు. "అడ్వాన్స్ ఇంకా రాలేదు" అని చదివి, ఆంటీ వైపు చూశారు. ఆంటీ ఫోన్‌లో డాలస్ వైపు చూశారు. అరవయ్యేళ్లు నిండిన రోజు అప్పుతో పీటల మీద కూర్చోకూడదు అన్నారాయన. మంగళవాద్యం మొదలయ్యేలోపు ఎనిమిది వేలూ నా ఫోన్‌పేలో పడ్డాయి. ఇన్నేళ్లలో బొమ్మ ఇచ్చిన రోజే డబ్బు మొత్తం అందడం నాకు అదే మొదటిసారి. పెసరట్టు ఉప్మా కూడా పెట్టారు.

సరైన ఫైలు ఆ మధ్యాహ్నం పంపాను, దానికి పర్మిషన్ కూడా ఇచ్చాను. ఇప్పటిదాకా ఎవరూ తెరవలేదు.

పది రోజుల తర్వాత ఆంటీ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. వాళ్ల డాబా మీద ఫ్లెక్సీ పరిచి ఎండుమిరపకాయలు ఆరబోశారు. "గట్టి పట్టా నాన్నా, వానాకాలం దాకా వస్తుంది. ముక్కు మీద జాగా ఎక్కువుందని అక్కడ వడియాలు పెట్టాను" అని కింద రాశారు. జూమ్ చేసి చూశాను. నా ఎర్ర అక్షరాలన్నీ మిరపకాయల్లో కలిసిపోయాయి. మార్జిన్ మాత్రం ఖాళీగా ఉంది. బక్కమనిషి చిప్పలో ఎవరో ఒక వడియం పెట్టారు.