నీళ్ల సీసాకు లైసెన్సు ఇవ్వాలి

విజయనగరం జిల్లా రవాణా శాఖవారికి సవినయంగా ఒక మనవి. మా బావ కారును ఈమధ్య ఒక అర లీటరు నీళ్ల సీసా నడుపుతోంది, అదీ లైసెన్సు లేకుండా. చట్టమంటే గౌరవం ఉన్నవాణ్ని కాబట్టి చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. దయచేసి ఆ సీసాకు వెంటనే లైసెన్సు ఇప్పించండి.

సంగతేమిటంటే, బావ కొన్న కొత్త కారులో అడాస్, అంటే డ్రైవరుకు సాయపడే కంప్యూటరు ఏర్పాటు, ఉంది. ముందున్న బండిని బట్టి వేగం తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది. తెల్ల గీతల మధ్య ఉండేలా స్టీరింగ్‌ను తనే కాస్త కాస్త తిప్పుకుంటుంది. దీన్ని లెవెల్ 2 అంటారు. లెవెళ్లు సున్నా నుంచి 5 దాకా ఉన్నాయి. 2 అంటే బండి సాయం మాత్రమే చేస్తుంది, నడిపేది నువ్వే, కళ్లు రోడ్డు మీదే ఉండాలి అని అర్థం. ఇది మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మాన్యువల్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో ఉంది. డెలివరీ రోజు షోరూములో పూలదండ, కేకు, ఫొటోలకు గంట పట్టింది. అడాస్ గురించి చెప్పడానికి ఒక్క వాక్యం సరిపోయింది: “దాదాపు తనే వెళ్లిపోద్ది సార్!” ఆ “దాదాపు” అన్న మాట బావ చెవిన పడలేదు. పడకూడదనే అంత మెల్లగా అన్నారని నా అనుమానం.

అయితే ఈ బండికి ఒక చాదస్తం ఉంది. స్టీరింగ్ మీద చెయ్యి ఉందో లేదో తడిమి చూసుకుంటుంది. చేతి బరువుకు చక్రం కాస్తయినా కదలాలి. కదలకపోతే కుయ్ కుయ్‌మని గోల. బావకు గోల పడదు. అందుకే పూజనాడు కట్టిన దారంతోనే స్టీరింగ్‌కు ఒక పక్క నీళ్ల సీసా వేలాడదీశాడు. బండి అదే చెయ్యి అనుకుని శాంతించింది. ఈ తెలివి మన జిల్లాకే సొంతమని పొంగిపోకండి. 2018లోనే ఒకాయన టెస్లా కారు స్టీరింగ్‌లో కమలాపండు ఇరికించి వీడియో పెట్టాడు. అదే పనికి అయస్కాంతం బిళ్ల అమ్ముతున్నవాళ్లను ఆ ఏడాదే అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఆపించింది. 2023 డిసెంబరులో డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు చాలడం లేదని టెస్లా 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది.

మన సీసా అర్హతలు కూడా చూడాలి కదా. వయసు పద్దెనిమిది నిండలేదు, నిజమే. కానీ ఫోను మాట్లాడదు. టోల్ గేటు దగ్గర గొడవ పడదు. రాత్రి పదింటికి హైవే మీద, కడుపులో నీళ్లు తప్ప ఇంకేమీ లేని డ్రైవరు బహుశా ఇదొక్కటే. టెస్టుకు పిలిచారే అనుకోండి. కంటి పరీక్షలో ఏ అక్షరమూ చదవదు, కానీ తప్పూ చదవదు. సిగ్నల్ బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే నిండుకుండలా తొణక్కుండా నిలబడుతుంది. రివర్స్ చేయమంటే కదలదు కాబట్టి వెనక ఉన్న కర్రను గుద్దే ప్రశ్నే లేదు. ఇన్‌స్పెక్టర్ గారికి దాహం వేస్తే మాత్రం అభ్యర్థి ఖాళీ అయిపోయే ప్రమాదం ఉంది. లైసెన్సు ఎప్పటిదాకా చెల్లుతుందో లెక్క వేసుకునే పని కూడా లేదు, గడువు తేదీ మూత దగ్గరే అచ్చేసి ఉంది.

మా వీధిలో కూరగాయలమ్మే అప్పయ్యమ్మ ఒక్కతే అభ్యంతరం చెప్పింది. “ఏటి బావూ, సీసాకి కాళ్లున్నాయేటి, బ్రేకు తొక్కడానికి?” ఇలాంటి సాంకేతిక ప్రశ్న షోరూములో ఎవరూ వేయలేదు.

మొన్న ఈ సీసా సారథ్యంలోనే శ్రీకాకుళం పెళ్లికి వెళ్లాం. నాతవలస దగ్గర హైవే ఎక్కగానే బావ సీటు వెనక్కి వాల్చి, ఫోను పైకెత్తి, “హాయ్ ఫ్రెండ్స్, చూడండి, నో హ్యాండ్స్!” అని మొదలుపెట్టాడు. పైడిభీమవరం దగ్గర కంపెనీల షిఫ్టు వదిలే వేళ. క్యారేజీ సంచులు పట్టుకుని జనం డివైడరు దాటుతున్నారు. ఫ్రెండ్స్‌కు రెండు చేతులూ చూపించే పనిలో ఉన్నాడు బావ. అరిచాను. సీసా పలకలేదు. బావ ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. రణస్థలం దాటాక సర్వీసు రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చారు. కంప్యూటరుకు కావలసిన తెల్ల గీత ఆ వడ్ల కింద ఉంది. వడ్ల పక్కన ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ ఊళ్లో రాత్రిపూట 49 ఏళ్ల మనిషి సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. వస్తున్నది ఉబర్ వాళ్లు పరీక్షిస్తున్న కారు, బావ కారు కంటే ఎంతో తెలివైనది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే ఆమె దానికి కనిపించింది. వాహనం అనుకుంది, కాదు ఇంకేదో అనుకుంది, సైకిలు అనుకుంది. జీబ్రా గీతలు లేనిచోట కూడా మనిషి రోడ్డు దాటుతుందన్న ఆలోచనే ఆ ప్రోగ్రాములో లేదని దర్యాప్తులో తేలింది. బండిని కనిపెట్టుకుని ఉండాల్సిన డ్రైవరు ఫోను చూస్తోంది. రోడ్డు దాటుతున్నామె చచ్చిపోయింది. కంపెనీ మీద క్రిమినల్ కేసు లేదు, శిక్ష డ్రైవరుకు పడింది. ఏమీ చేయకుండా చూస్తూ కూర్చునే పనిలో మనిషి దృష్టి అరగంటలోపే సడలుతుందని బ్రిటన్‌లో మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త 1948లోనే గడియారం ముల్లు పెట్టి తేల్చాడు. అది తెలిసీ ఇలాంటి పనే మనిషికి అప్పగించి, పైగా “దాదాపు తనే వెళ్లిపోద్ది” అని అమ్ముతారా? ఇచ్ఛాపురం దాకా ఈ రోడ్డు పొడవునా జీబ్రా గీతల మీద దాటే వాళ్లెంతమంది? బడి పిల్లలు దాటుతారు, మేకలు దాటుతాయి, నెత్తిన గడ్డిమోపుతో ఆడవాళ్లు దాటుతారు. వాళ్లెవరూ మీ మాన్యువల్ మీద సంతకం పెట్టలేదు. మీ రీల్‌కు లైకూ కొట్టలేదు. వాళ్ల ప్రాణం మీ సీసాకు ఎవడు అప్పజెప్పాడు?

ఇదంతా పెళ్లి భోజనాల దగ్గర బావకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఖరీదైన కార్లలో స్టీరింగ్‌ను కాదు, కెమెరాతో డ్రైవరు మొహాన్నే చూస్తారని కూడా చెప్పాను. కళ్లు రోడ్డు మీద లేకపోతే పట్టేస్తుందన్నాను. పప్పు కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. “అయితే బావా, నల్లద్దాలు పెట్టుకుంటే?” అన్నాడు.