చక్రాలున్నది ఆక్రమణ, పునాదులున్నది అభివృద్ధి

విశాఖ ఆర్కే బీచ్‌లో ఏది ఆక్రమణో, ఏది అభివృద్ధో ఇప్పటికీ కొందరికి తేడా తెలియడం లేదు. దీనికి సులువైన పరీక్ష ఉంది. ఇద్దరు తోస్తే కదిలేది ఆక్రమణ. జేసీబీతో తవ్వినా కదలనిది అభివృద్ధి. మురీ మిక్సర్ (మరమరాల మిక్చరు) బండి సాయంత్రం వచ్చి రాత్రికి ఇంటికి పోతుంది కాబట్టి తీరానికి శాశ్వత ముప్పు. సిమెంటు గోడ ఎక్కడికీ పోదు కాబట్టి దానితో ఏ పేచీ లేదు, సముద్రమే వచ్చి పట్టుకుపోయేదాకా.

బండి మీదున్న అభియోగాలు చిన్నవి కావు. మొదటిది, దానికి గాలి ఎటు వీస్తుందో తెలుసు. పొద్దుగూకే వేళ గాలి సముద్రం మీంచే వస్తుంది గనక బజ్జీల పొయ్యికి మూడు వైపులా రేకు కట్టి, నాలుగో వైపు రోడ్డుకేసి తిప్పుతారు. అడ్డం లేకపోతే మంట పక్కకి పోయి నూనె కాగదు, కాగని నూనెలో బజ్జీ నూనె తాగేస్తుంది. రెండోది, ఉప్పుగాలికి రిమ్ములూ బేరింగులూ తుప్పు పడతాయని వారం వారం గ్రీజు పెడతారు. కోట్లు పోసి నిలబెట్టిన రెయిలింగుకి వారం వారం చూసే దిక్కు లేదు. సముద్రం ఒడ్డున 304 రకం స్టీలు పెడితే గోధుమరంగు మరకలు పడతాయని, 316 రకం వాడాలని వెల్డింగు షాపులో కుర్రాడికి కూడా తెలుసు. టెండరులో మాత్రం 'స్టెయిన్‌లెస్ స్టీలు' అని రాసి ఊరుకుంటే సరిపోతుంది, పేరులోనే మరక పడదని ఉంది కదా.

మూడో నేరం మురీలది. సముద్రపు చెమ్మకి మురీలు పావుగంటలో మెత్తబడతాయి. అందుకే వాటిని డబ్బాలో మూతపెట్టి ఉంచుతారు. పాతకాలం వాళ్లయితే శనగలూ పల్లీలూ కుప్పపోసి, నడిమధ్యన నిప్పులున్న మట్టి ముంత పెట్టేవారు. ముంతకింద పప్పు అన్న పేరు అలా వచ్చిందే. కలపడానికీ ఒక వరస ఉంది. ముందు మూడు గుప్పిళ్ల మురీలు, పల్లీలు, కారం, ఉప్పు, చెంచాడు నూనె. అవి బాగా పట్టాక ఉల్లిపాయ, టమాటా, పచ్చిమామిడి తురుము. నిమ్మచెక్క అన్నిటికన్నా ఆఖర్న, పొట్లం చుట్టబోయే ముందు. నిమ్మరసం ముందే పిండితే మురీలు తడిసి ముద్దవుతాయి. ఎంత బాగా కలిపినా కరకర అయిదు నిమిషాలకు మించదు. అందుకే ఆ సరుకు అలల పక్కన నిలబడి తినవలసిందే. ఇదే పదార్థం ఇప్పుడు ఏసీ ఫుడ్‌కోర్టులో టోకెన్ తీసుకుని, నంబరు పిలిచేదాకా కూర్చుంటే చెక్క చెంచాతో సహా దొరుకుతుంది. అప్పటికి అది ఉప్మా. ధర మాత్రం ఉప్మాది కాదు.

జాలరిపేట కొట్ల సంగతి ఇంకా దారుణం. నైలాను దారం, గాలాలు, సీసం గుళ్లు, లాంతరు గాజు, బెల్లం, చుట్టలు అన్నీ ఒకే అరుగు మీద. బోర్డు లేదు, బ్రాండు లేదు. దారం అడిగితే "నెత్తళ్లకా, కానాగంతలకా?" అని ఎదురు ప్రశ్న. ఎందుకంటే వల కన్ను చేపని బట్టి ఉంటుంది, దారం కన్నుని బట్టి ఉంటుంది. చిరుగు అంచుకే కొత్త దారం ముడేస్తే మర్నాడు చేప బరువుకి పక్క కన్ను కూడా తెగుతుందని, తెగిన పోగులన్నీ కోసేసి గట్టి ముడి దగ్గర మొదలుపెట్టాలని అక్కడ చెప్పేవారు, డబ్బులు తీసుకోకుండా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట బంద్. ఆ రోజుల్లో బియ్యం, పప్పు ఖాతా పుస్తకంలో అరువు. వేట మొదలయ్యాక జమ. ఇప్పుడు ఆ దారిలో కాఫీ షాపులొచ్చాయి. క్యూఆర్ కోడ్ ఉంది గాని, దాన్ని 61 రోజులు ఆగమంటే ఆగదు.

ఎండుచేపల వాసన గురించి కూడా ఫిర్యాదులున్నాయి. నెత్తళ్లు కడిగి, ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచి, మధ్యాహ్నం తిరగేస్తే మంచి ఎండకి రెండు రోజుల్లో కరకరలాడతాయి. మబ్బు పట్టిందా, ఈగ వాలి పురుగు పడుతుంది. ఇసుక అంటకుండా కర్రల మీద వల కట్టి ఆరబెట్టడం మేలు. ఆ పని మాత్రం సముద్రం కనబడే ఫ్లాట్ల వాళ్లకి కనబడకుండా చెయ్యాలి. వాళ్లు కొనుక్కున్నది సముద్రం ఒక్కటే, అందులో చేపలు లేవు.

ఇక ఇసుక. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర హార్బరు గోడలు అడ్డం, ఇసుక అక్కడే చిక్కుతుంది. అవతలున్న ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకని పోర్టు వాళ్లు తవ్విన ఇసుకని గొట్టాల్లో తెచ్చి బీచ్ మీద పోస్తారు. సముద్రం దాన్నీ మోసుకుపోతుంది. ఒడ్డున నిటారు గోడ కడితే అల దానికి కొట్టుకుని వెనక్కి తిరుగుతూ పాదం దగ్గర ఇసుక తవ్వుతుంది. గోడ పైనుంచి కాదు, కాళ్లు జారి కూలుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు బీచ్ రోడ్డుకి ఈ పాఠం ఒక్క పూటలో అయిపోయింది. తుపాను కబురు తెలియగానే బండిని వెనక్కి తోసుకోవచ్చు. గోడకి ఆ తెలివి లేదు.

2024 ఫిబ్రవరిలో తేలియాడే వంతెన వేశారు. ప్రారంభించిన మర్నాడే దాని చివరి ముక్క విడిపోయి సముద్రంలోకి పోయింది. పటిష్ఠత పరీక్ష కోసం మేమే విడదీశామని అధికారులు చెప్పారు. దీన్ని పూర్తిగా నమ్మాలి. బండివాళ్లు కూడా ఈ భాష నేర్చుకోవాలి: "ఇది ఆక్రమణ కాదండీ, చక్రాల పటిష్ఠత పరీక్ష."

హుద్‌హుద్ వచ్చిన 2014లోనే వీధి వ్యాపారుల చట్టమూ వచ్చింది. అయిదేళ్లకోసారి సర్వే చెయ్యాలి, తొలగించే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి, పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. చాలా మంచి చట్టం. ప్రముఖులు వచ్చే ముందురోజు తప్ప అన్ని రోజులూ పనిచేస్తుంది.

ఇంతా చేసి వారసత్వం మరిచామన్న మాట రాకూడదు గనక మాదొక ప్రతిపాదన. సెల్ఫీ పాయింటు పక్కన మురీ మిక్సర్ అమ్మే మనిషి ఫైబరు బొమ్మ ఒకటి పెట్టాలి. బోల్టులు 316 స్టీలువి. కింద దిమ్మలో చువ్వల మీద కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. తగ్గితే ఉప్పు లోపలికి దిగి, చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, దిమ్మ పగులుతుంది. బండికి చక్రాలు చెక్కవచ్చు గాని తిరగకూడదు. చేతిలో పొట్లం ఖాళీగానే ఉంచాలి. నిజం మురీలు పోస్తే అది తినుబండారాల విక్రయం అవుతుంది, దానికి వేరే అనుమతి కావాలి.