మోకాలికి వయసు కాదు, పనిగంటలు లెక్కగట్టండి

"గుజ్జు అరిగిపోయిందమ్మా." మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రికి వెళ్లిన ఆడమనిషికి, ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి డాక్టరు చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఇదే. ఎందుకరిగిందని ఆమె అడగదు. అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది: వయసు, కాదంటే బరువు. ఇన్నేళ్లూ ఆ మోకాళ్లు ఏం పని చేశాయన్న ఆరా మాత్రం ఆ గదిలో ఎవరికీ ఉండదు. నా పేచీ అక్కడే.

ఈ కీళ్ల అరుగుదలనే ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. దాని లెక్కలు తెలిసినవే. 2020 నాటికి ప్రపంచంలో 59.5 కోట్ల మంది దీనితో బతుకుతున్నారు. 2050కల్లా ఆ సంఖ్య వంద కోట్ల దగ్గరికి చేరుతుందని అంచనా. మన దేశంలో 1990లో సుమారు 2.3 కోట్లున్న బాధితులు 2019కి 6.2 కోట్లయ్యారు. ప్రపంచం మొత్తమ్మీద చూస్తే పదిమందిలో ఆరుగురు ఆడవాళ్లే.

బరువు సంగతి నేను కాదనను. ఈ జబ్బు భారంలో ఐదో వంతు దాని ఖాతాలోదే. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందంటారు. వంశం, పాత దెబ్బలు, బహిష్టులు ఆగాక వచ్చే మార్పులు, ఇవీ ఉన్నాయి. సరే. మరి బక్కపలచగా ఉండి, నలభైల్లోనే గోడ పట్టుకుని లేచే కూలీ మనిషికి ఏం చెబుతారు? "బరువు తగ్గమ్మా" అనా?

అనంతపురం వైపు వేరుశనగ చేలో కలుపు తీసేవాళ్లను కాసేపు నిలబడి చూడండి. గొంతుక్కూర్చుంటే తొడ వచ్చి పిక్కకు ఆనుతుంది. సాలు చివరిదాకా లేవడం ఉండదు, కూర్చున్న పళాన జరుగుతూ పోవడమే. గట్టు దగ్గర లేచేటప్పుడు ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి మోకాలి మీద. నిటారుగా నిలబడ్డాక కూడా రెండు క్షణాలు అడుగు పడదు. కష్టం చేసే ఒంటికి రోగాలు రావని మనవాళ్ల నమ్మకం. నడక, కదలిక కీలుకు మేలు చేస్తాయి, నిజమే. గంటల తరబడి మడిచిపెట్టిన మోకాలి మీద ఒంటి బరువంతా మోపడం వేరు.

జర్మనీవాడికి ఈ తేడా తెలుసు. 2009లో అక్కడ మోకాలి అరుగుదలను వృత్తి వ్యాధుల, అంటే చేసే పని వల్ల వచ్చే జబ్బుల, జాబితాలో చేర్చారు. షరతు ఏమిటో తెలుసా? పనిచేసిన కాలం మొత్తమ్మీద మోకాళ్ల మీద గానీ, మోకాలికి అంత ఒత్తిడి పడే తీరులో గానీ 13,000 గంటలు గడిచి ఉండాలి, షిఫ్టుకు కనీసం ఒక గంట. అదే ఏడాది బ్రిటన్ బొగ్గుగని కార్మికుల మోకాలి అరుగుదలను వృత్తి వ్యాధిగా గుర్తించింది. తర్వాత తివాచీలు పరిచేవాళ్లనూ చేర్చింది. అంతకు ముందే రైతుల తుంటి అరుగుదలకు అక్కడ పరిహారం ఉంది.

ఆ జర్మనీ కొలబద్దనే మన చేలోకి తెద్దాం. తగ్గించే వేస్తాను. రోజుకు 5 గంటలు, ఏడాదికి 100 రోజులు. అంటే ఏటా 500 గంటలు. 18 ఏళ్లకు చేలో దిగిన పిల్లకు 13,000 గంటలు నిండేసరికి 44 ఏళ్లు. మనం నెపం వేసే "వయసు" ఇంకా రానేలేదు! ఇందులో తెల్లారుజామున వాకిలి అలకడం, కత్తిపీట ముందు కూర్చోవడం, తడిగుడ్డ పెట్టడం కలపలేదు.

మనకు వృత్తి వ్యాధి అంటే రాతిదుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ గుర్తొస్తుంది, గనులు, క్వారీలు గుర్తొస్తాయి. పొలం గుర్తు రాదు. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు నొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూదే ఆమెకు అందే పరిహారం. అది ఏళ్ల తరబడి పడితే కడుపులో పుండ్లు, కిడ్నీల ముప్పు అదనం. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి ధరకు కళ్లెం వేసింది, ఎక్కువగా వాడే రకం 55 వేల లోపుకు దిగింది. సంతోషం. కానీ మోకాలు మార్పించుకున్నవాళ్లను గొంతుక్కూర్చోవద్దంటారు. కొత్త మోకాలితో ఆమెకు పాత కూలికి పోవడం కుదరదు. ఆపరేషన్ నొప్పిని తీసేస్తుంది, దాంతోపాటు జీవనాధారాన్నీ.

అసలు ఆడవాళ్ల పనిని పనిగా లెక్కపెట్టడమే మనకు చేతకాదు. పాసుపుస్తకంలో పేరుంటే రైతు, లేకపోతే ఏమీ కాదు. కలుపు, కోత, కాయ ఒలుపు ఆమెవి, "వ్యవసాయం చేస్తాడు" అనిపించుకునేది ఆయన. పని ఉన్నట్టే ఒప్పుకోనివాళ్లం, ఆ పని తెచ్చిన జబ్బును ఎలా ఒప్పుకుంటాం?

మా బంధువుల్లో ఒకావిడకు 52 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా కూలికి పోయింది. ఈ మధ్య మోకాళ్లు చూపించడానికి తోడు వెళ్లాను. చీటీలో వయసు రాశారు, బరువు తూచి రాశారు. వృత్తి అన్న చోట "గృహిణి" అని ఉంది. అదేంటత్తా అంటే, "ఏం చేస్తావని అడిగారు, ఇంటిదగ్గరే ఉంటానని చెప్పా" అంది.