దీపం ఆరకపోతే దిగొచ్చట!

మళ్లీ వచ్చింది, సెప్టిక్ ట్యాంకుల్లాంటి వాటిలో దిగేవాళ్లకు సూత్రాలంటూ తిరిగే ఆ ఫార్వర్డు. లాడ్జీ ఓనర్ల గ్రూపులో, అపార్టుమెంట్ సంఘం గ్రూపులో, ఆఖరికి ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ల గ్రూపులో కూడా. "ఉద్యోగుల ఆరోగ్యమే మన భాగ్యం! ట్యాంకులో దిగే ముందు పాటించాల్సిన 8 బంగారు సూత్రాలు. కనీసం పది మందికి పంపండి." కింద చేతులు జోడించిన బొమ్మలు. పంపేవాళ్లలో ఎక్కువమంది మంచి మనసుతోనే పంపుతున్నారు కాబట్టి ఒళ్లు మండుతున్నా నెమ్మదిగానే మొదలుపెడుతున్నా.

ఆ ఎనిమిదీ క్లుప్తంగా ఇవి. మూత తీసి అరగంట ఆగాలి. దీపం దించి చూడాలి, ఆరకపోతే దిగొచ్చు. కుళ్లిన గుడ్ల వాసన పోయిందంటే గ్యాస్ పోయినట్టే. ముక్కుకు తడిగుడ్డ గానీ ఎన్95 మాస్కు గానీ కట్టుకోవాలి. ముందురోజు రాత్రి సున్నం గానీ యాసిడ్ గానీ పోస్తే గ్యాస్ చస్తుంది. నడుముకు తాడు కట్టుకోవాలి, ఎవరైనా లోపల పడిపోతే ఇంకొకరు ఊపిరి బిగబట్టి దిగి బయటికి తేవాలి. పైకొచ్చాక బెల్లం తిని పాలు తాగాలి. దిగేవాడితో "నా ఇష్టంతోనే దిగుతున్నా" అని కాగితం రాయించుకుంటే ఓనరుకు ఏ ఇబ్బందీ ఉండదు.

బెల్లం సంగతి ముందే తేల్చేద్దాం. తినండి, పల్లీలు కూడా కలుపుకోండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన గ్యాసుకీ దానికీ సంబంధం లేదు. మగతగా ఉన్న మనిషికి మాత్రం పాలు కాదు కదా, మంచినీళ్లు కూడా పట్టకండి. గొంతుకు అడ్డంపడి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తర్వాతది.

మూత తీసి ఆగమనడం తప్పు కాదు. అది చాలనుకోవడమే తప్పు. మీథేన్ గాలికంటే తేలిక, కొంత పైకి పోతుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే దాదాపు 1.2 రెట్లు బరువు. అరగంట కాదు, పూటంతా మూత తీసిపెట్టినా అడుగున అలాగే ఉండొచ్చు. కొందరు ట్యాంకు నోటి దగ్గర పెడెస్టల్ ఫ్యాను పెడతారు. ఆ గాలి నోటి దగ్గరే సుడి తిరిగి అక్కణ్నుంచే బయటికి వచ్చేస్తుంది, అడుగున ఉన్నది కదలదు. కావాల్సింది గొట్టం ఉన్న బ్లోయరు. గొట్టం చివర ట్యాంకు అడుగుకు ఒకటి రెండు అడుగుల ఎత్తులో ఉండాలి. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతున్న ట్యాంకంటే 12 ఘనమీటర్లు. గొట్టం వంపుల్లో పోయింది పోగా నిమిషానికి 14 ఘనమీటర్ల గాలి అందితే ఏడుసార్లు గాలి మారడానికి ఆరేడు నిమిషాలు చాలు. కానీ మనిషి లోపల ఉన్నంతసేపూ బ్లోయరు ఆగకూడదు. దాన్ని నడిపే జనరేటరు పొగ బ్లోయరు లోపలికి లాక్కునే వైపు ఉండకూడదు. లేకపోతే కార్బన్ మోనాక్సైడును మీరే స్వయంగా గొట్టం వేసి లోపలికి పంపినట్టు.

ఇక దీపం. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయను. పాత దిగుడుబావుల్లో పూడిక తీసేవాళ్లు లాంతరు దించి చూసేవారు. అక్కడ చంపేది ఎక్కువగా బొగ్గుపులుసు వాయువు, ఆక్సిజన్ లేమి. ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 16 శాతం దరిదాపులకు పడిపోతే దీపం ఆరిపోతుంది. అంటే ఆరితే దిగకూడదన్నది నిజం. ఆరకపోతే దిగొచ్చన్నది అబద్ధం. ఫార్వర్డులో ఉన్నది ఈ రెండోదే. హైడ్రోజన్ సల్ఫైడ్ 1000 పీపీఎం ఉంటే ఒకటి రెండు శ్వాసల్లో మనిషి కుప్పకూలతాడు. 1000 పీపీఎం అంటే 0.1 శాతం. ఆ కాస్తకు దీపం రెపరెపలాడను కూడా ఆడదు, హాయిగా వెలుగుతుంది. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉందా, అప్పుడు దీపం ఆరడం వెలగడం అనే ప్రశ్నే ఉండదు, ట్యాంకే పేలుతుంది. ఫార్మా రియాక్టరులో, అంటే మందుల ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపే పెద్ద పాత్రలో, టోలుయీన్ అనే ద్రావకం ఆవిరి పేలడానికి 1.1 శాతం చాలు. ఈ మెసేజ్‌ను ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టిన పెద్దమనిషికి నమస్కారం.

దీపం చెప్పలేనిది నాలుగు గ్యాసుల డిటెక్టరు చెబుతుంది: ఆక్సిజన్, మండే గ్యాసు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్. కొంటే సరిపోదు, వాడటం రావాలి. ఆన్ చేయడం ట్యాంకు నోటి దగ్గర కాదు, దూరంగా మంచిగాలిలో. నోటి దగ్గర ఆన్ చేసి జీరో కొడితే అది ఆ చెడ్డగాలినే సున్నా అనుకుంటుంది. రోజూ వాడే ముందు టెస్టు గ్యాసు చూపించి అలారం మోగుతోందో లేదో చూడాలి, ఎందుకంటే లోపలి సెన్సార్లు రెండు మూడేళ్లలో చచ్చిపోతాయి, తెర మీద అంకెలు మాత్రం వస్తూనే ఉంటాయి. పంపు, గొట్టంతో పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా చూడాలి. ఒక్కోచోట కనీసం రెండు నిమిషాలు ఆగాలి, గొట్టం గుండా గాలి రావడానికి పట్టే సమయం దానికి అదనం. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, 23.5 కంటే పెరిగినా, మండే గ్యాసు పేలే హద్దులో పదో వంతుకు చేరినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం చూపించినా దిగడం లేదు. నైట్రోజన్ నింపిన రియాక్టరులో ఇంకో చిక్కుంది. మామూలు మండే గ్యాసు సెన్సారు పని చేయడానికి దానికీ ఆక్సిజన్ కావాలి. అది లేనిచోట సున్నా చూపిస్తుంది. అందుకే ముందు ఆక్సిజన్ అంకె చూసి, తర్వాతే మిగతావి నమ్మాలి.

"ఒకసారి చూశాం, బాగానే ఉంది" అనే మాట కూడా చెల్లదు. సెప్టిక్ ట్యాంకు మడ్డిలో గ్యాసు బుడగలుగా చిక్కుకుని ఉంటుంది. పైన గట్టిగా అట్టకట్టిన పొర దాన్ని అదిమిపెడుతుంది. మనిషి అందులో కాలు పెట్టి పారతో ఒకసారి కెలికితే అదంతా ఒక్కసారిగా, సరిగ్గా అతని ముఖం ముందే లేస్తుంది. డిటెక్టరు ఛాతీ మీద తగిలించుకుని ఉంచేది అందుకే.

వాసన గురించి. హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన గుడ్ల వాసనే, అతి కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది. కానీ 100 పీపీఎం దగ్గర కొద్ది నిమిషాల్లోనే ముక్కు పనిచేయడం మానేస్తుంది. ఇంకా ఎక్కువుంటే వెంటనే. అప్పటిదాకా వచ్చిన కంపు ఉన్నట్టుండి మాయమైతే గ్యాసు పోయిందని కాదు, పెరిగిందని అర్థం కావచ్చు. ఫార్వర్డు చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు. నైట్రోజనుకైతే వాసనే లేదు. ఊపిరాడటం లేదనే బాధ కూడా తెలియదు, ఎందుకంటే ఆ బాధ పుట్టించేది లోపల పేరుకునే బొగ్గుపులుసు వాయువే తప్ప ఆక్సిజన్ తగ్గడం కాదు.

తడిగుడ్డ, ఎన్95: ధూళికి. గ్యాసుకు కాదు. కార్ట్రిడ్జి మాస్కు కూడా గాలిలో ఉన్నదాన్ని వడకడుతుందే తప్ప లేని ఆక్సిజన్‌ను పుట్టించదు. బయటి నుంచి గొట్టంతో గాలి వచ్చే మాస్కో, వీపున సిలిండరుతో ఉండే బ్రీతింగ్ సెట్టో కావాలి. ఆరు లీటర్ల సిలిండరు 300 బార్ ఒత్తిడిలో నింపితే 1800 లీటర్ల గాలి. కాగితం మీద 45 నిమిషాలు, చెమటోడ్చి పనిచేస్తే అరగంట. పైగా రెండడుగుల మ్యాన్‌హోల్‌లో వీపున సిలిండరుతో మనిషి పట్టడం కష్టం. ఇవన్నీ ముందే కొలిచి చూసుకోవాలి.

సున్నం విషయంలో ఆ మెసేజ్ రాసినవాడికి, నాకు ఇష్టం లేకపోయినా, సగం మార్కులు ఇవ్వాల్సిందే. పీహెచ్ 9 దాకా పెరిగితే సల్ఫైడు దాదాపు అంతా నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది, గ్యాసుగా లేవదు. కంపు నిజంగానే తగ్గుతుంది. అయితే సున్నం మడ్డి అడుగుదాకా కలవాలంటే కెలకాలి, కెలికితే పైన చెప్పిందే జరుగుతుంది. అదీగాక అమ్మోనియా లేస్తుంది. కాబట్టి సున్నం వేసింది దిగడానికి అనుమతి కాదు. ఇక యాసిడా! సల్ఫైడు ఉన్న మడ్డిలో బాత్రూం యాసిడ్ పోస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ల్యాబులో విద్యార్థులు ఆ గ్యాసు తయారుచేసే పద్ధతే అది. సున్నం బంధించేదాన్ని యాసిడ్ తరిమి పైకి తెస్తుంది. "సున్నం గానీ యాసిడ్ గానీ" అనడం "అన్నం గానీ విషం గానీ" అన్నట్టుంది.

ఇప్పుడు ఆరో సూత్రం, నడుముకు తాడు, ఊపిరి బిగబట్టి దిగడం. మిగతావన్నీ కలిపినా దీనంత హాని చేయవు.

2015 నవంబరులో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో పడిపోయిన ఇద్దరు ఆంధ్ర కార్మికుల్ని కాపాడబోయి దారిన పోయే ఆటో డ్రైవరు చనిపోయాడు. ఆ ఇద్దరూ దక్కలేదు. 2016 ఆగస్టులో మాదాపూర్‌లో ముగ్గురు కార్మికులతోపాటు, సాయం చేయబోయిన క్యాబ్ డ్రైవరు పోయాడు. పరిమిత స్థలాల్లో, అంటే ట్యాంకులు, మ్యాన్‌హోళ్ల లాంటి ఇరుకుచోట్లలో, జరిగే మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లవేనని కార్మికుల భద్రతపై పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ 1986లోనే రాసింది. దిగినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, కళ్లముందు తమవాడు పడిపోతే ఆగలేకపోయినవాళ్లు. అలాంటివాళ్లకు "ఊపిరి బిగబట్టి దిగు" అని చెప్పడమంటే రెండో శవానికి దారి చూపించడమే.

లెక్క వేయండి. కూర్చుని నిమిషం ఊపిరి బిగబట్టగలిగినవాడు నిచ్చెన దిగి, వంగి, స్పృహలేని 65 కిలోల మనిషిని మడ్డిలోంచి ఎత్తేటప్పుడు ఎంతసేపు ఆగగలడు? బలంగా లాగే మొదటి ప్రయత్నంలోనే నోరు తెరుచుకుంటుంది. నడుముకు కట్టిన తాడు లాగితే మనిషి మధ్యకు మడతపడి, తల, కాళ్లు కిందికి వేలాడి, భుజాలు రెండడుగుల నోటికి అడ్డం తిరుగుతాయి. ఎంతమంది లాగినా రాడు. అందుకే ఒళ్లంతా పట్టే హార్నెస్, భుజాల దగ్గర లేదా వీపు పైభాగాన కొక్కెం. అలా అయితే మనిషి నిలువుగా వస్తాడు. పైన మూడుకాళ్ల స్టాండు, దానికి చేత్తో తిప్పే వించ్. మనిషి దిగిన క్షణం నుంచి తాడు వించ్‌కే తగిలించి ఉండాలి, అవసరమైనప్పుడు తగిలిద్దామని పక్కన చుట్టపెట్టి కాదు. పైన ఒకడు ఉండాలి, అతనికి టీ తేవడం, సామాను అందించడం లాంటి పనేదీ చెప్పకూడదు. లోపలివాడు పిలిస్తే పలకని మొదటిసారే వించ్ తిప్పాలి. ఎవరూ దిగరు. బెల్టు కట్టి, తాడు కొస బయటి మనిషి చేతిలో ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనే చెప్పింది, ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన విషయం కాదు.

ఇవేవీ లేనిచోట మనిషి పడిపోతే? బ్లోయరు గొట్టాన్ని అతని ముఖం దగ్గరికి దించి పూర్తి వేగంతో నడపండి. 101కి, 108కి ఫోన్ చేసి "గ్యాసు ఉన్న ట్యాంకులో మనిషి పడ్డాడు, బ్రీతింగ్ సెట్లు కావాలి" అని ఆ మాటలతోనే చెప్పండి. చుట్టూ ఉన్నవాళ్లను దిగకుండా పట్టుకోండి, కావాలంటే బలవంతంగా.

మిగిలింది కాగితం. "నా ఇష్టంతోనే" అని వేలిముద్ర వేయించుకుంటే సరిపోతుందట! మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని, మనుషులతో పాకీపని చేయించకూడదనే 2013 చట్టం 7వ సెక్షన్ నిషేధించింది. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా దించితే మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, ఐదు లక్షలు. శిక్ష నేరుగా పెట్టుకున్నవాడికే కాదు, కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్నవాడికి కూడా. మురుగు మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. కూలీ ఇష్టం ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఆ కాగితం కోర్టులో ఉపయోగపడేది ఒక్కదానికే: లోపల ప్రమాదం ఉందని ఓనరుకు ముందే తెలుసనడానికి.

ఇది అపార్టుమెంట్ల గొడవ, మాకెందుకు అనుకునే ఫ్యాక్టరీలవాళ్లకు: 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర ఆక్వా ప్లాంటు ట్యాంకులో ఐదుగురు, 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర హేచరీ ట్యాంకులో ఏడుగురు చనిపోయారు. మీ ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) గుంత కూడా ఆ జాతిదే. సెప్టిక్ ట్యాంకు అయితే మనిషిని దించే పనే లేదు, వాక్యూమ్ లారీ పైనుంచే లాగుతుంది, దానికి ఫోన్ నంబరు 14420. ఫార్వర్డు చేయక ఉండలేకపోతే ఆ ఐదంకెలు చేయండి.