అతాతుర్క్‌ను భూమి ఒప్పుకోలేదట!

ఈ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. 1924లో ఖిలాఫత్‌ను, అంటే ముస్లింల మతాధిపతి పదవిని, రద్దు చేసిన టర్కీ నాయకుడు ముస్తఫా కెమాల్ అతాతుర్క్ చనిపోతే ఆయన శవాన్ని భూమి ఒప్పుకోలేదట, చేసేది లేక కుళ్లకుండా మందులు ఎక్కించి పదిహేనేళ్లు మ్యూజియంలో పెట్టారట, చివరికి 44 టన్నుల పాలరాళ్ల మధ్య ఇరికించారట, జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) కూడా లేదట. మా ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూపులో మూడోసారి పడేసరికి ఇక ఊరుకోలేకపోయాను.

మ్యూజియంలో పదిహేనేళ్లు ఉన్నమాట నిజమే. 1938 నవంబర్ 10న ఇస్తాంబుల్‌లో పోయారు, ఆ నెలలోనే అంకారా ఎథ్నోగ్రఫీ మ్యూజియంలో తాత్కాలికంగా ఉంచారు, 1953లో సరిగ్గా అదే తేదీన అక్కడే ఆయన కోసం కట్టిన సమాధి మందిరం అనిత్‌కబీర్‌కు మార్చారు. ఎందుకంత ఆలస్యమంటే, ఆయన పోయేనాటికి అనిత్‌కబీర్ లేనే లేదు! గుట్ట ఎంచుకుని, విదేశీ ఆర్కిటెక్టులకూ పోటీ పెట్టి, ఎమిన్ ఒనాత్, ఓర్హాన్ అర్దాల డిజైన్ ఖాయం చేసేసరికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పని మొదలైంది 1944 అక్టోబర్‌లో. త్వరగా అవుతుందని పైన అనుకున్న అంతస్తు ఎత్తేసినా తొమ్మిదేళ్లు పట్టింది. మన ఊళ్లో ఒక్క ఫ్లైఓవర్‌కి ఎన్నేళ్లు తిన్నారో చూసినవాళ్లకు ఇందులో దైవలీల ఏమీ కనపడదు.

ఇక పాలరాయి. పెద్ద హాల్లో కనిపించే ఆ ఎర్రటి రాయి దాదాపు 40 టన్నులు, ఒకటే రాయి, కానీ దాంట్లో ఎవరూ లేరు, అది గుర్తు మాత్రమే. మనిషి ఉన్నది సరిగ్గా దాని కింద, ఎనిమిది మూలల గదిలో, నేలలో. 1953లో పెట్టెలోంచి తీసి, కఫన్ (శవానికి చుట్టే గుడ్డ) చుట్టి, ఖిబ్లా (మక్కా) వైపు ముఖం పెట్టి మట్టిలోనే ఖననం చేశారు. సమాధి చుట్టూ ఇత్తడి పాత్రలు, వాటిలో టర్కీలోని ఒక్కో ప్రావిన్సు నుంచి తెచ్చిన మట్టి. భూమి వద్దన్న మనిషి చుట్టూ దేశం మట్టంతా! ఆ గదిలోకి సందర్శకులను పంపరు గానీ, లోపలి దృశ్యం అక్కడి మ్యూజియంలో తెర మీద కనిపిస్తుంది.

శవానికి మందులు ఎక్కించడం కూడా వింతేం కాదు, జనం చూపు కోసం రోజుల తరబడి ఉంచి, ఆపైన అంకారా దాకా తీసుకెళ్లాలి కదా.

జనాజా నమాజు జరిగింది. 1938 నవంబర్ 19న, ఇస్తాంబుల్‌లోని దొల్మాబాచే ప్యాలెస్‌లో, ఆయన చెల్లెలు మక్బూలే పట్టుబట్టడంతో. బయట మైదానంలో కాదు, లోపలే, కొద్దిమందితో. అదే ఈ పుకారుకు దారి ఇచ్చినట్టుంది.

ఆయన పాలన నచ్చకపోతే తిట్టండి, తిట్టడానికి కావలసినంత ఉంది. ఇదంతా గ్రూపులో పెడితే మెసేజ్ పంపినవాడు అడిగింది ఒక్కటే: "అయితే 44 టన్నులు కాదా?" కాదురా, 40.