ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే పికప్ రాదు, ఇంజన్ పోతుంది

"గట్టిగా ఎక్సలేటర్ తిప్పినా బండి ఎత్తుకోవట్లేదా? మెకానిక్‌కి రూపాయి ఇవ్వకండి" అని మొదలయ్యే మెసేజ్‌ని ఈ వారంలో నాకు నలుగురు పంపారు. ముగ్గురు శ్రీకాకుళంలో నాతో చదువుకున్నవాళ్లు, నాలుగోవాడు మా బావ. అందులో ఐదు చిట్కాలున్నాయి. ఎయిర్ ఫిల్టర్ తీసేయాలట. ట్యాంకులో రెండు కలరా ఉండలు వేయాలట. ప్లగ్ గ్యాప్, అంటే స్పార్క్ ప్లగ్‌లో నిప్పురవ్వ దూకే సందు, పెంచాలట. సైలెన్సర్ లోపలి గొట్టం పీకేయాలట. దారిలో మొరాయిస్తే ట్యాంకు మూత తెరిచి మూయాలట. చివర్లో, అసలు తప్పంతా ఇథనాల్ పెట్రోలుదే అని ఒక తీర్పు.

కలరా ఉండలు బీరువాలో వేసుకోండి. పెట్రోలుని గాలితో కలిపే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ రంధ్రం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, సరిగా కరగని పలుకు ఒక్కటి అడ్డుపడితే చాలు. సైలెన్సర్ గొట్టం పీకితే పెరిగేది చప్పుడే.

నాకు నిజంగా కోపం తెప్పించింది మొదటి చిట్కా. "ఫిల్టర్ తీస్తే ఇంజన్ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది" అని రాశారు. ఇంజన్‌కి గాలి ఒక్కటే సరిపోదు కదా! కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఫుల్ థ్రాటిల్‌లో, అంటే ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు, పెట్రోలు వాటా ఇంకాస్త ఎక్కువే ఉండాలి. కంపెనీవాళ్లు జెట్ సైజు పెట్టింది ఫిల్టర్ బిగించి ఉందన్న లెక్కతోనే. దాన్ని తీసేస్తే గాలి పెరుగుతుంది, పెట్రోలు పెరగదు. గట్టిగా తిప్పినప్పుడు బండి ఆగిపోతోందంటే చాలాసార్లు దానికి అందనిది పెట్రోలే. ఆ బండికే ఇంకా గాలి పెడతారా? దాహంతో ఉన్నవాడి చేతిలో నీళ్లచెంబు లాక్కున్నట్టే.

ఇక దుమ్ము. 100 సీసీ ఇంజన్ 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఆరువేల చుట్లు) దగ్గర నిమిషానికి రెండు, మూడు వందల లీటర్ల గాలి లాగుతుంది. మన ఆమదాలవలస రోడ్డులో ఇసుక ట్రాక్టర్ వెనకాల, టెక్కలి దగ్గర గ్రానైట్ లారీల వెనకాల ఆ గాలిలో ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పోయి, గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు పిస్టన్ రింగుల్నీ బోరునీ (సిలిండర్ లోపలి గోడని) తినేస్తుంది. మా వీధిలో ఒక కుర్రాడు ఇలాగే ఫిల్టర్ తీసేసి ఒక ఎండాకాలమంతా తిరిగాడు. వానాకాలం వచ్చేసరికి వెనకాల నీలం పొగ, డిప్‌స్టిక్‌కి ఆయిల్ అంటడం లేదు. బోరు చేయించి, పిస్టన్, రింగులు మార్చాల్సి వచ్చింది. ఆ డబ్బు వాళ్ల నాన్న అప్పు తెచ్చి కట్టాడు. ఆ మెసేజ్ రాసినవాడు వచ్చి తీరుస్తాడా?

ఫిల్టర్ నిండా దుమ్ము పట్టేస్తే బండి లాగదు, అది నిజమే. అప్పుడు కొత్తది వేయండి. ఫోమ్‌దైతే కడిగి, ఆయిల్ పట్టించి బిగించండి. కాగితందైతే కడగొద్దు, మార్చాల్సిందే.

ప్లగ్ గ్యాప్ సంగతీ అంతే. చాలా బండ్లకి అది 0.8, 0.9 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, నిప్పురవ్వ ఆ సందు దాటడమే కష్టమవుతుంది. సందు ఇంకా పెంచితే లేని మిస్సింగ్‌ని (రవ్వ సరిగా పడక ఇంజన్ తడబడటాన్ని) మనమే తెచ్చిపెట్టుకున్నట్టు.

ఇథనాల్ మాటకొస్తే, అందులో శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ. 20 శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గుతుంది. ఆ తేడా అన్ని స్పీడుల్లోనూ ఉంటుంది. నలభైలో బాగా నడిచి అరవై దాటగానే చతికిలబడే బండికి అది కారణం కాదు. ట్యాంకులో వాననీళ్లు దిగితే మాత్రం అది వేరే కథ. ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుగుకి చేరుతుంది, ముందు ఇంజన్‌కి వెళ్లేది అదే.

బావా, నువ్వు అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బండి లాగలేదన్నావు. ఏదైనా విప్పే ముందు ఒక్కటి గమనించు. ఇంజన్ రొద పెరుగుతూ స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. రొద కూడా పెరగకుండా ముక్కుతుంటే, నడుస్తుండగానే చోక్ (గాలి తగ్గించి పెట్రోలు వాటా పెంచే మీట) కొంచెం లాగి చూడు. అప్పుడు తేరుకుంటే పెట్రోలు అందడం లేదని అర్థం. టపటపమని కొట్టుకుంటే ప్లగ్, ప్లగ్ క్యాప్, రవ్వకి కరెంటు ఇచ్చే కాయిల్ చూపించు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం తిప్పడం మర్చిపోకు, బ్రేకు పట్టేసి ఉన్నా ఇలాగే ఉంటుంది. 2020 తర్వాత వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బొరేటర్ బదులు పంపుతో పెట్రోలు చిమ్మే) బండ్లకి చోక్ ఉండదు, వాటికి ఫ్యూయల్ పంపు ప్రెజర్ కొలిపించాలి.

ఇక ఐదో చిట్కా. ట్యాంకు మూత తెరిచి మూయమన్నది చదివి మొదట కొట్టిపారేశాను. కానీ అది సరైన మాట, ఒప్పుకోవాలి. పోయిన ఏడాది మా తమ్ముడి బండి పలాస వెళ్తూ నరసన్నపేట దాటాక గట్టిగా తిప్పితే చాలు ఆగిపోయేది. కాసేపు ఆపితే మళ్లీ బాగానే నడిచేది. కార్బొరేటర్ రెండుసార్లు కడిగించాం, ప్లగ్ మార్చాం. చివరికి ఒక పెద్దాయన మూత తిప్పగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. మూతలో గాలి పోయే సన్న రంధ్రం మట్టితో మూసుకుపోయింది. లోపలికి గాలి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. నెమ్మదిగా వెళ్తే దిగే ఆ కాస్త సరిపోతుంది, గట్టిగా తిప్పితే చాలదు.

అయితే ఆ మెసేజ్ అక్కడితో ఆపేసింది. మూత తెరిచి మూస్తే పది కిలోమీటర్లు వెళ్తారు, మళ్లీ ఆగుతుంది. మూత ఊడదీసి, ఆ రంధ్రంలో సన్నటి తీగ పెట్టి మట్టి తీసి, గాలి కొట్టించండి. మాకు అక్కడ అయిన ఖర్చు పది రూపాయలు.