రచయిత ఇంటి గుట్టు టీవీ వచ్చాకే రచ్చకెక్కిందా?

“పూర్వం రచయితను రచన ద్వారానే ఎరిగేవారు, టీవీ, సోషల్ మీడియా వచ్చాకే వారి ఇంటి గుట్టు రచ్చకెక్కింది, ఆనాటి పాఠకులకు ఇటువంటి కుతూహలం ఉండేది కాదు, ఇందులో రచయితల ప్రమేయమూ లేదు” అన్న మాటను సాహిత్యాభిమానులు విస్తృతంగా పంచుకుంటున్నారు. రచయితల పట్ల గౌరవంతో అన్నదే అయినా, యూరప్ సాహిత్య చరిత్ర తెలిసినవారు దీన్ని ఒప్పుకోలేరు.

ముందుగా కాలం సంగతి. 1764 చివరలో జెనీవాలో పేరులేని కరపత్రం ఒకటి వెలువడింది. రెండేళ్ల క్రితమే ‘ఎమీల్’ రాసి, పిల్లలను ఎలా పెంచాలో లోకానికి బోధించిన తత్వవేత్త, రచయిత రూసో, తన కన్నబిడ్డలనే అనాథాశ్రమం పాలు చేశాడని అది బయటపెట్టింది. రాసింది ఫ్రెంచి రచయిత వోల్టేర్. ఫోటోగ్రఫీ లోకానికి పరిచయమైన 1839కి ఇది 75 ఏళ్ల ముందటి మాట. రూసో తన మరణానంతరం అచ్చైన ఆత్మకథలో ఆ విషయాన్ని స్వయంగా ఒప్పుకున్నాడు. ఇతరులు తన గురించి చెప్పేదానికంటే తానే అంతా చెప్పుకోవడం మేలన్న తపన ఆ పుస్తకం నిండా కనిపిస్తుంది.

ఆనాటి పాఠకులకు కుతూహలం లేదనడం ఇంకా పెద్ద పొరపాటు. 1761లో వచ్చిన రూసో నవల ‘జూలీ’ని ఏడుస్తూ చదివినవారు, ఆ ప్రేమకథ నిజంగా జరిగిందా, అది మీ కథేనా అని ఆయనకే ఉత్తరాలు రాశారు. ఇంగ్లీషు కవి బైరన్‌కు ఎదురైనది మరీ కఠినం. 1812లో ఆయన కావ్యం ‘చైల్డ్ హెరాల్డ్’ తొలి ముద్రణలోని 500 ప్రతులు మూడు రోజుల్లో అమ్ముడుపోయాయి. నాలుగేళ్లకు ఆయన కాపురం విచ్ఛిన్నమైనప్పుడు, అదే లండన్ ఆ ఇంటి సంగతులను నోటినోటా చెప్పుకొంది. 1816 ఏప్రిల్‌లో దేశం విడిచి జెనీవా సరస్సు ఒడ్డున ఇల్లు తీసుకుంటే, అవతలి ఒడ్డు హోటల్‌లో దిగిన ఇంగ్లీషు యాత్రికులు టెలిస్కోపులు పెట్టి ఆ ఇంటివైపు చూసేవారు.

ఇక రచయితల ప్రమేయం. భార్య నుంచి విడిపోతున్న రోజుల్లో ఆమెను ఉద్దేశించి రాసిన పద్యాన్ని బైరన్ కొద్ది ప్రతులు అచ్చు వేయించి పరిచయస్తులకు పంచాడు. అది పత్రికకెక్కడానికి ఎంతో కాలం పట్టలేదు. అంతకు చాలా ముందే, 1735లో, ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ తన ఉత్తరాలు ఎడ్మండ్ కర్ల్ అనే పుస్తక వ్యాపారి చేతికి చేరేలా రహస్యంగా ఏర్పాటు చేసి, అవి అచ్చయ్యాక అన్యాయం జరిగిందని వాపోయాడు. సవరించిన సొంత ప్రతిని ప్రకటించుకోవడానికి ఆ సాకు ఆయనకు కావలసివచ్చింది.

అయితే దీన్నిబట్టి ఆనాటివారికి అంతరంగిక జీవితం అంటే లెక్కలేదని నేను అనను. తాను రచయిత స్విఫ్ట్‌తో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలను అదే కర్ల్ అచ్చువేసినప్పుడు, 1741లో పోప్ కోర్టుకు వెళ్లాడు. ఉత్తరం రాసిన కాగితం అందుకున్నవారి సొత్తు కావచ్చు గాని, దానిని ప్రచురించే హక్కు వారికి రాదని న్యాయమూర్తి లార్డ్ హార్డ్‌విక్ తీర్పు చెప్పాడు.